పై వరుస పోగు

ఆపరేషన్ అయి మెలకువ వచ్చాక గోవిందమ్మాళ్ మొదట చూసుకున్నది రొమ్ము తీసేసిన చోటును కాదు, దాని మీద చుట్టిన గుడ్డను. కొస పట్టుకుని పోగులు లెక్కపెట్టి, "మా షెడ్డుది కాదు" అని నర్సుతో చెప్పి మళ్ళీ పడుకుంది.

తమిళనాడులో రాజపాళయం దగ్గరి సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేసే షెడ్డులో ఆమె ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తోంది. మనిషికంటే ఎత్తైన ఇనుప స్టాండుకు వరుసలుగా నూలు కోన్లు తగిలించి ఉంటాయి. వాటి పోగులన్నీ పడుగు చుట్టే డ్రమ్ము మీదికి పోతాయి. తెగిన పోగును ముడివేయడం ఆమె పని. పై వరుసకు రెండు చేతులూ తలపైకి ఎత్తాలి. పై వరుస అందనివాళ్ళను గుడ్డ మడతపెట్టే గదికి పంపుతారు. ఆ గదిలో ఫ్యాను ఉంది, కుర్చీ ఉంది, రోజంతా కబుర్లున్నాయి. గోవిందమ్మాళ్‌కు ఆ మూడూ పడవు.

రెండో నెలకు ఆమె కుడి చెయ్యి భుజం ఎత్తు దాటడం మానేసింది. అందుకు కారణం ప్రేమ. తోడుగా ఉండడానికి తళవాయిపురం నుంచి వచ్చిన ఆడపడుచు పాక్కియం ఆమెను నీళ్ళ చెంబు కూడా ఎత్తనివ్వలేదు. తల కూడా తనే దువ్వింది.

"చెయ్యి ఎత్తితే కుట్లు పిగిలిపోతాయి వదినా. సుమ్మా, ఊరికే ఉండు."

"కుట్లు తీసి నెల అయింది గదే."

"తీసినా కుట్లు కుట్లే."

చివరికి ఇద్దరూ రాజపాళయంలో ఫిజియోథెరపీ చేసే దేవిప్రియ దగ్గరికి వెళ్ళారు. ఆమె చెయ్యి ఎత్తించి చూసింది.

"ఎత్తవద్దని ఎవరు చెప్పింది? ఆస్పత్రిలో బొమ్మలేసి కాగితం ఇచ్చింటారే, ఏడ?"

గోవిందమ్మాళ్ పాక్కియం వైపు చూడలేదు. పాక్కియం ఫ్యాను వైపు చూసింది. కాగితం ఇంట్లో చింతపండు డబ్బా కింద పరిచి ఉంది.

దేవిప్రియ చెప్పిన పని చిన్నది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను బల్లిలా పైకి పాకించాలి. "లాగినట్టుంటే ఉండనీ అక్కా. చురుక్కుమంటే ఆపు. చెయ్యి వాస్తే ఉడనే, ఆ పూటే రా. ఎక్కిన చోట గోడమీద గీత గియ్యి."

"గోడను మీకు ఎట్ల తెచ్చి చూపించేది?" అంది గోవిందమ్మాళ్.

అందుకని కొలతకు దారం పెట్టుకుంది. పాక్కియం ఒక కొసను నేలకు ఆనించి కాలితో తొక్కి పట్టుకునేది. పైన వేలు తాకిన చోట వారానికొక ముడి. గోవిందమ్మాళ్ షెడ్డుకు పోయి పై వరుస ఎత్తు కూడా వేరే ఎర్ర పోగుతో కొలుచుకు వచ్చింది.

నాలుగో నెలలో దేవిప్రియ ఆ దారాన్ని వేళ్ళ మధ్య లాగి చూసింది. చివరి మూడు ముళ్ళు ముందువాటి నుంచి ఒక్కసారిగా పైకి దూకినట్టున్నాయి. ఆఖరిది ఎర్ర పోగుకు సమంగా ఉంది.

"మడమ ఎత్తినావా అక్కా?"

"నేనా?"

"ఎత్తలేదమ్మా," అంది పాక్కియం. "నేను కాళ్ళనే చూస్తా ఉండినాను. నేల చల్లగా ఉందని చెప్పులేసుకునింది, అంతే."

దేవిప్రియ వంగి ఆ చెప్పుల మందం చూసింది.

"షెడ్డులో చెప్పులు వేసుకుంటారా?"

"లేదు. వాకిట్లోనే విడవాల," అని గోవిందమ్మాళ్ బల్ల మీది కత్తెర తీసుకుంది. తను వేసిన ముడి విప్పడం తన వల్ల కూడా కాదు. మూడు ముళ్ళున్న ముక్కను కత్తిరించి, చెప్పులు విడిచి, గోడ దగ్గర నిలబడింది. ఎర్ర పోగుకు రెండు వేళ్ళ ఎత్తు తక్కువ.

"రెండు వేళ్ళేగా వదినా, ఎవరు చూస్తారు?"

"కోను చూస్తుంది."

ఇంకో ఏడు వారాలు పట్టింది.

ఆమె పనికి వచ్చిన రోజు షెడ్డు యజమాని జెగదీశ్ స్టాండు పక్కన స్టూలు వేయించి ఉంచాడు. "ఎక్కి వేయండక్కా. ఇందులో తప్పేమి?"

పదకొండు గంటలకు పై వరుసలో పోగు తెగింది. గోవిందమ్మాళ్ ఉత్త కాళ్ళతో నిలబడి రెండు చేతులూ ఎత్తింది. ఎడమది ముందు వెళ్ళింది. కుడిది చంక కింద లాగుతూ వెనకే వెళ్ళింది. ఒక్క ముడికి, మునుపు మూడు ముళ్ళు వేసేంత సేపు పట్టింది. జెగదీశ్ పోగు లాగి చూశాడు. తెగలేదు. వేళ్ళతో వెతికాడు.

"ముడి ఏడక్కా?"

"ఎతుక్కో సామీ," అని ఆమె తన టిఫిన్ డబ్బా తెచ్చి స్టూలు మీద పెట్టుకుంది.