నోరెత్తని రోగి

వార్డులోకి అడుగుపెట్టగానే పెద్ద నర్సు ముందుగా నోరెత్తని రోగుల దగ్గరికే వెళ్తుంది. అరిచెయ్యి పట్టుకుని, గోళ్ల రంగు చూసి, నాడి లెక్కపెడుతుంది. ఈ అలవాటు ఆమెకు ఆలస్యంగా వచ్చింది. ఒకనాటి ఉదయం చెయ్యి విరిగినవాడొకడు వార్డు దద్దరిల్లేలా అరుస్తుంటే, పక్క మంచం మీద కడుపుకు దెబ్బ తగిలిన మేస్త్రీ, "నాకేం తొందర లేదమ్మా, ముందు ఆయన్ని చూడండి" అన్నాడు. ఆమె ఆ మాటే పట్టుకుంది. కట్టు కట్టి వచ్చేసరికి లోలోపలే రక్తస్రావమై మేస్త్రీ కన్నుమూశాడు.

"మేస్త్రీ నాడి పదింటికి చూశానని కేసు షీటులో రాసెయ్యండి సిస్టర్, ఉద్యోగం నిలుస్తుంది" అన్నాడు డాక్టరు. "చూడలేదు కదండీ" అంటూ ఆమె చూడలేదనే రాసింది. విచారణ జరిపి ఆర్నెల్లు సస్పెండు చేశారు. మేస్త్రీ భార్య మాత్రం ఆమెను పల్లెత్తు మాట అనలేదు. "మా ఆయన అంతేనమ్మా, ఇంట్లోనూ అందరూ తిన్నాకే తినేవాడు" అంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని పెద్ద నర్సు ఈనాటికీ అనుకుంటుంది.