ఊదకుండా పెట్టిన క్యాసెట్

అశోక్‌నగర్‌లో మా కింది వాటాలో కిరాయికుండే బ్యాంకు గుమస్తా పెండ్లికి ముందు నుంచీ వీడియో గేములు ఆడేవాడు. అప్పుడప్పుడే వచ్చిన పేజర్ మీద ఆయన అభిప్రాయం ఇది: "పిలుస్తది గని మాట్లాడది. అచ్చం మా మామ లెక్క."

గేమ్ క్యాసెట్‌ను మాత్రం ప్రతిసారీ నోటి దగ్గర పెట్టుకొని, ఊదితేనే ఆట నడుస్తుందని మూడుసార్లు ఊది, ఆ తర్వాతే మిషన్‌లో పెట్టేవాడు.

"తాయెత్తు కట్టేటోడు గూడ గిట్లనే ఊదుతడు తమ్మీ. ఊదకుండ ఎన్నడన్న పెట్టి చూసినవా?" అన్నాను ఒక ఆదివారం.

ఆయన పాజ్ నొక్కాడు. తెర మీద ఆఖరి స్టేజీ ఉంది. అన్నేళ్లలో అక్కడిదాకా చేరడం అదే మొదటిసారి. మిషన్ ఆపితే మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందే.

"ఆట అయినంక చూద్దాం తియ్," అన్నాను.

"డౌట్ పెట్టినవు గదన్నా, ఇగ ఆటేం ఆడుత?" అంటూ స్విచ్ ఆపేశాడు. క్యాసెట్ తీసి, ఊదకుండా పెట్టాడు. ఆడింది. పదిసార్లు తీసి పెట్టాడు, పదిసార్లూ ఆడింది.

"అంటే ఇన్నేండ్లు ఉత్తగనే ఊదిన్నా!" అని పడీపడీ నవ్వాడు.

చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద నేను మూఢనమ్మకాల గురించి ఎన్నో ఏళ్లు వాదించాను. గెలిచే ఆటను ఆపి మరీ తన తప్పును చూసుకున్న మనిషి అక్కడ కనబడలేదు. మా ఇంటి అద్దంలోనూ కనబడలేదు.