మా అత్త బొంతకు నాలుగో అంచు లేదు

మా మేనత్త పోయింది. తెల్లవారుతుండగా మైపాడు నుంచి ఆమె కొడుకు, మా బావ ఫోన్ చేసి, "మీ అత్త ఇంక లేదు మే" అన్నాడు. వెంటనే పెట్టేశాడు. కొడవలూరు నుంచి నేను వెళ్లేసరికి ఇంటి ముందు టెంటు వేసేశారు. దాని కింద కూర్చున్నవాళ్లందరిదీ ఒకటే మాట: "ఎంత ఓపిక మనిషో!" నాకు ఒళ్లు మండింది.

ఓపికంట! చదివే మీరైనా నమ్మకండి. మా అత్తకు ఓపికే ఉంటే, అందరిలా గుడ్డముక్కలు కొలిచి కత్తిరించి, చదరం పక్కన చదరం పెట్టి బొంతలు కుట్టేది. ఊళ్లో ఆడవాళ్లకు అలా కుట్టడం నేర్పిస్తుంటే ఒకసారి వెళ్లింది. స్కేలు పెట్టి నాలుగు గీతలు గీసి, మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది. "బడిలో గోడకుర్చీ ఏయించినట్టుండాది. నాకొద్దు తల్లీ" అంది.

ఆమె పద్ధతే వేరు. మంచం మీద పాత చీర పరిచేది. బట్టల్ని పీలికలుగా చించి, దాని మీద నిలువుగా పేర్చి, తలవైపు కుట్టేసేది. ఇక అడ్డంగా ఒక్కో పీలికనూ కిందికీ పైకీ దూర్చి లాగడమే, చాప అల్లినట్టు. అల్లిన వరసను అల్లినట్టే చేత్తో కింది చీరకు కలిపి కుట్టేది. టేపు లేదు, గీత లేదు. ఒక పీలిక వంకరపోతే సరిచేసేది కాదు, పక్కదాన్నీ ఆ వంకరలోనే పోనిచ్చేది. "పోనీలే మే, యాడికి పోతాది?" అనేది. కత్తెర ముట్టేది కాదు. బట్ట అంచు పంటితో కొరికి చర్రున చించేది. ఆ చప్పుడు వినగానే ఇంట్లో అందరి గుండెలూ జల్లుమనేవి. అది ఎవరి బట్టో తెలియదు మరి.

అడగడమన్నది లేదు. దండెం మీద ఆరేసిన బట్ట మళ్లీ మన ఒంటి మీదికి వస్తుందని నమ్మకం లేదు. బావ పెళ్లిచూపులకని కుట్టించుకున్న నీలం చొక్కాను, సంబంధం ఖాయమైన మర్నాడే చించేసింది. "కొత్తది గదమ్మా!" అని బావ లబోదిబోమంటే, "దాని పని అయిపోయినాది గదరా! ఇంకా ఏసుకుంటే అదీ మామూలు చొక్కా అయిపోతాది" అంది. బావ భార్యను నేను అక్కా అంటాను. అక్క ఇప్పటికీ ఆ నీలం వరసను వేలితో చూపించి నవ్వుతుంది.

ఇవన్నీ చేరింది ఒకే బొంతలో. దానికి మూడు వైపులే అంచు కుట్టింది. కాళ్లవైపు పీలికలు వేలాడుతూనే ఉండేవి. ఇంట్లో ఎవరికి ఏం జరిగినా అటువైపు ఇంకో వరస చేరేది. కింద చీర చాలకపోతే ఇంకో చీర, పీలికలు చాలకపోతే కొసకు ఇంకో పీలిక. బొంత మంచం దాటి నేల మీదికి వచ్చేసింది. "ఇంక మూసెయ్యరాదా అత్తా" అంటే కస్సుమంది. "మూసేస్తే? ఇంకెవురూ రాకూడదనా?"

కిందటిసారి నేను వెళ్లినప్పుడు మా పాప పసుపు గౌను మాయమైంది. పాప మొదటిసారి సముద్రంలోకి దిగి, అల మీదపడి తడిసిన గౌను. దండెం నుంచి నేరుగా అత్త ఒళ్లోకి పోయింది. గట్టిగా పోట్లాడాను. ఆమె తన పాటికి తాను చించుకుంటూ కూర్చుంది. నేను బయలుదేరేసరికి పసుపు వరస సగానికి వచ్చింది. సూది అక్కడే గుచ్చి, "మిగతాది మెల్లిగా ఏస్తాలే, నువ్వు బస్సుకు పో" అంది. ఆ మిగతాది వేయకుండానే పోయింది.

పెద్దకర్మ నాడు చూస్తే, ఫోటో పక్కన కుర్చీలో బొంత మడిచిపెట్టి ఉంది. నాలుగో వైపు ఎర్రటి సాటిన్ గుడ్డ, మిషన్ కుట్టు! వేలాడే పీలికలన్నీ కత్తిరించేశారు. పసుపు వరస మధ్యలో తెగిపోయి ఉంది. సూది లేదు.

"ఎవరు చేశారిది?" అని అరిచాను.

"నేనే మే" అన్నాడు బావ. "అమ్మ పని సగంలో ఆగిపోయినాది గదా. టైలర్‌కిచ్చి పూర్తి చేయించినా. బాగలేదా?"

"ఇది పూర్తి కాకూడదనే గదా బావా ఆమె బతుకంతా కాచుకుంది! ఎవరు మూయమన్నారు నిన్ను?"

బావ మొహం పాలిపోయింది. ప్రేమతోనే చేశాడని నాకు తెలుసు. తెలిసినా నా కోపం ఆగలేదు, ఇది రాస్తుంటే కూడా ఆగడం లేదు. ఇన్నేళ్లు ఆ బొంత కప్పుకొని పడుకున్నవాడు, తన తల్లి ఏం చేస్తోందో ఒక్కసారైనా చూడలేదా?

బ్లేడు తెచ్చి, నేల మీద కూర్చొని సాటిన్ కుట్టు విప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి బావ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. రెండో కొస పట్టుకున్నాడు. సాటిన్ ఊడిపోయింది. దాని కింద మిగిలిన నిలువు కొసలు జానెడు కూడా లేవు, ఒక్క వరసకు చాలుతాయి. కానీ అడ్డంగా దూర్చడానికి పసుపు గుడ్డ ఏది? టైలర్ చెత్తబుట్టలో పోయింది. బావ భుజం మీద, అప్పుడే వాళ్ల అత్తగారివాళ్లు పెట్టిన కొత్త తెల్ల కండువా ఉంది. వంగి దాని అంచు పంటితో కొరికాను.

"అయ్యయ్యో, కర్మలో పెట్టిన గుడ్డ మే అది!" అని ఒక పెద్దావిడ కేకేసింది.

చర్రున చించాను.

ఆ చప్పుడు వినగానే, అన్ని రోజులూ బిగబట్టుకున్న బావ భోరుమన్నాడు. అక్క సూదీ దారం తెచ్చింది. పసుపు తెగిన చోట తెల్ల పీలికను నేను అతికి కుట్టాను. మిగతా వరసంతా బావే దూర్చాడు. ఒకచోట రెండు పీలికల మీదుగా పోనిచ్చాడు. తప్పే. నేను సరిచేయలేదు.

ఆ వైపు మళ్లీ మూయలేదు. తర్వాత బావ లేచి మొహం కడుక్కొని భోజనాల దగ్గరికి వెళ్లాడు. చిరిగిన కండువానే భుజాన వేసుకొని, దారప్పోగులు వేలాడుతుండగా, ఒక్కో విస్తరి దగ్గరా వంగి నెయ్యి వడ్డించాడు.