నఫీసా ఇచ్చిన పది గోలీలు

మధురానగర్‌లో హాస్టళ్ల సందు మొదట్లో రామ్మోహనరావు గారి క్లినిక్ ఉండేది. బోర్డు మీద పేరు ఆయనదే గానీ పొద్దుటిపూట అక్కడ ఉండేది నఫీసా ఒక్కతే. డాక్టరు గారు పగలంతా వేరే ఆసుపత్రిలో ఉద్యోగం చేసి సాయంత్రం ఆరు దాటాక వచ్చేవారు. అంతవరకు జ్వరాలకు, దగ్గులకు, ఒళ్లునొప్పులకు ఆమే మందులిచ్చి పంపేది. నర్సు తనంతట తాను చేయదగిన పని కాదని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ అది 2003. అమీర్‌పేట అంతా కంప్యూటర్ కోర్సులకని వచ్చిన పిల్లలతో కిటకిటలాడుతోంది. ఒక్కో గదిలో ఆరుగురు. ఒకడికి జ్వరం వస్తే వారం తిరిగేసరికి ఆరుగురికీ వచ్చేది. సాయంత్రం దాకా ఆగమంటే ఎవరు ఆగుతారు?

నఫీసా ఇరవై ఏళ్లు సర్కారు దవాఖానాలో పిల్లల వార్డులో పనిచేసింది. మందు ఎక్కడ ఎక్కువతక్కువలవుతుందోనని అక్కడ పట్టుకున్న భయం ఆమెను ఎన్నడూ వదల్లేదు. చంటిపిల్లను తీసుకొస్తే ముందు బరువు తూచేది. "చుక్కల మందా, సిరప్పా? సీసా చూపియ్యి. చుక్కల మందు నాలుగింతలు ఘాటుంటది తల్లీ, చెంచాతోని పోస్తే పిల్ల తట్టుకోదు" అని చెప్పి, ఎన్ని చుక్కలో సీసా మీద పెన్నుతో రాసిచ్చేది. పెళ్లయిన ఆడపిల్లలను పక్కకు పిలిచి, నెల తప్పిందేమోనని మెల్లగా అడిగేది. హాస్టల్ కుర్రాళ్లను పొద్దున్నించి ఏమన్నా తిన్నారా అని అడగనిదే బిళ్ళ చేతిలో పెట్టేది కాదు. ముసలివాళ్లు వస్తే ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మనేది. సారయ్య అనే పెద్దాయన ఒకసారి తల తిరుగుతోందని వచ్చాడు. సంచి బోర్లిస్తే రెండు రంగుల అట్టల్లో రెండు పేర్లతో ఒకటే బీపీ మందు బయటపడింది. ఇద్దరు డాక్టర్లు రాశారు, ఆయన రెండూ మింగుతున్నాడు. ఒక అట్ట తీసి పక్కన పెట్టి, డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పింది. నాలుగు రోజుల్లో సారయ్య మామూలు మనిషయ్యాడు.

క్లినిక్‌కు ఐదు నిమిషాల దూరంలో ఒకే కాంపౌండులో రెండు పోర్షన్లు. ఒకదాంట్లో నఫీసా, ఆమె భర్త అబూబకర్. రెండోదాంట్లో రాజనర్సయ్య, మంగవ్వ, వాళ్ల ఒక్కగానొక్క కూతురు చంద్రిక. రాజనర్సయ్య ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. చంద్రిక అమెరికా ఫోన్లు ఎత్తే కంపెనీలో పనిచేసేది. రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర. పదకొండేళ్లుగా రెండిళ్లకూ మధ్య గోడ ఉందన్న మాటే గానీ తలుపు వేసింది లేదు. అబూబకర్ స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, నెలన్నర పాటు రోజూ పొద్దున్నే అతణ్ణి భుజం పట్టి బాత్‌రూంకు నడిపించింది రాజనర్సయ్యే. ఆయన నఫీసాను చెల్లె అనేవాడు. ఆమె అన్నా అనేది.

ఆగస్టులో ఒక సోమవారం క్లినిక్ నిండా జనం. గుమ్మం బయట కూడా నిలబడ్డారు. వాళ్ల వెనకాల రాజనర్సయ్య కనిపించాడు.

"నువ్వు లైన్ల నిలవడుడేంది అన్నా? లోపలికి రా" అని పిలిచింది నఫీసా.

"మోకాళ్లు మస్తు గుంజుతున్నయి చెల్లె. నిన్న మొన్న సరిగ నడువొస్తలేదు. జర గోలీలియ్యి."

"తిన్నంకనే ఏసుకో అన్నా. పొద్దున ఒకటి, మాపు ఒకటి. ఐదు రోజులు."

నొప్పి తగ్గే బిళ్ళలు పది లెక్కబెట్టి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆయన జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. నిమిషం కూడా పట్టలేదు. వెనకాల ఒక పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాణ్ణి తూచడానికి తిరిగింది. ఇంకేమైనా మందులు వాడుతున్నావా అన్న మాట ఆ రోజు పొద్దున ఆమె పాతికమందిని అడిగింది. ఆయన్ను అడగలేదు. ఆయన సంగతులన్నీ తనకు తెలుసనుకుంది.

ఆమెకు తెలియనిది ఒకటి జరిగింది. అంతకు రెండు వారాల ముందు, నఫీసా భర్తతో కలిసి తన చెల్లెలు అర్జూ ఇంట్లో పెళ్లికని నిజామాబాద్ వెళ్లినప్పుడు, రాజనర్సయ్యకు గుండె దడదడలాడి చెమటలు పట్టాయి. చంద్రిక ఆయన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. గుండె లయ తప్పిందని, రక్తం గడ్డ కట్టకుండా పలచబరిచే బిళ్ళ మొదలుపెట్టారు. మంగవ్వ బెంగపడుతుందని తండ్రీకూతుళ్లు అనుకుని, అవి బలానికని ఆమెతో చెప్పారు. దాచిన మాట ఇంట్లోనే దాగిపోయింది, పక్కింటి దాకా రాలేదు. అడగకుండా నొప్పి బిళ్ళలు వాడకూడదని ఆసుపత్రి కాగితంలో ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. కవరుతో సహా బీరువాలో ఉంది.

నాలుగో రోజు, రెండు మందులూ కలిసి కడుపులో నెత్తురు కారి, విరేచనం నల్లగా అయింది. రాజనర్సయ్య ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నవాడు లేచి వాకిట్లో నెత్తురు కక్కుకున్నాడు. అబూబకర్ ఆటో పిలుచుకొచ్చాడు. ఆయన తల నఫీసా ఒడిలో పెట్టుకుంది. పంజగుట్ట చౌరస్తాలో బండ్లు కదలక ఆటో ఆగిపోయింది. ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "చెల్లె, మంగకు చెప్పు, గిది ఏం గాదని" అన్నాడు. అవే ఆయన ఆఖరి మాటలు.

ఆసుపత్రిలో మంగవ్వను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. చంద్రిక కౌంటర్ దగ్గర కాగితాలు నింపుతోంది. లోపల చిన్నవయసు డాక్టరు ఒకడు రాజనర్సయ్య చొక్కా జేబులోంచి తీసిన అట్టను, కాగితం పొట్లంలో మిగిలిన ఒక్క బిళ్ళను పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఈ మందు మీద ఉన్న మనిషికి నొప్పి బిళ్ళలు ఎవరిచ్చారమ్మా?"

నఫీసా అట్ట తీసుకుని దాని మీద పేరు రెండుసార్లు చదివింది. గోడకు ఆనుకుని, "నేనే ఇచ్చిన సార్" అంది.

రక్తం ఎక్కించారు. ఆదివారం పొద్దున్నే రాజనర్సయ్య పోయాడు.

సోమవారం సాయంత్రం నఫీసా జరిగిందంతా చెప్పాక రామ్మోహనరావు గారు క్లినిక్ తలుపు దగ్గరికి వేసి చెప్పారు. "ఆ మందు వాడేవాళ్లకి ఏ బిళ్ళా వేసుకోకపోయినా ఇలా అవ్వొచ్చు సిస్టర్ గారూ. ఇప్పుడు మీరు చెప్పినందువల్ల వాళ్లకి ఒరిగేదేంటి? ఊరుకోండి." ఆయన మాటలో అబద్ధం లేదు. నఫీసా ఆ మాట పట్టుకుని పదకొండో రోజు దాకా నెట్టుకొచ్చింది. ఆ రోజు వచ్చినవాళ్లందరూ వెళ్లాక మంగవ్వ ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"నీ గోలీలు సుత పని జెయ్యకపాయె నఫీసా. రెండు పూటలా యాదిజేసి నేనే ఇస్తి. ఒక్కపూట తప్పనియ్యలే. ఆయుష్షు లేకపాయె."

ఇంటికొచ్చి నఫీసా అన్నం ముట్టలేదు. అబూబకర్ ఆమె ముందు నుంచి కంచం తీసి పక్కన పెట్టాడు. "చెప్పెయ్. గీ బరువు మోసుకుంట ఆమె ముందర ఎన్నిరోజులు తిరుగుతవ్?" అన్నాడు.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి మంగవ్వ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన చంద్రిక గోడకు చేరబడి కూర్చుంది. నఫీసా నిలబడే అంతా చెప్పింది. ఏ బిళ్ళ ఇచ్చిందో, అది దేనితో కలిసిందో, తను ఏం అడగలేదో, ఒక్కటీ దాచకుండా చెప్పింది.

మంగవ్వ చేతులు ఆగిపోయాయి. "నువ్వు గిది చెప్పకుంటే ఏమైపోతుండె? దేవుడు తీస్కపోయిండనుకుంటుంటి. ఇప్పుడు నా చేత్తోని నేనే ఇచ్చినట్టాయె గద" అంది.

"నీది కాదు వదినా, తప్పు నాది..."

"నాదమ్మా" అంది చంద్రిక. "గా కాగితం మీద రాసి ఉండె. రాత్రంత ఇంగ్లీషే మాట్లాడత. బాపుకు ఒక్క కాగితం చదివి చెప్పలే."

మంగవ్వ ఇద్దరి వంకా చూడలేదు. "పో నఫీసా" అంది.

నెల తిరగక ముందే వాళ్లు బోరబండకు మారిపోయారు. సామాను లారీలో ఎక్కిస్తుంటే అబూబకర్ వెళ్లి సాయం పట్టాడు. నఫీసా లోపలే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆమె తన చేత్తో ఎవరికీ మందివ్వలేదు. సాయంత్రం రమ్మని చెప్పి పంపేది. జనం తిరిగి వెళ్లి మందుల షాపులో తోచింది కొనుక్కునేవారు. ఒక తల్లి, పెద్దవాళ్ల బిళ్ళను నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క నూరి తొమ్మిది నెలల పిల్లకు పోసిందని తెలిసిన రోజు, నఫీసా డాక్టరు గారితో తెగేసి చెప్పింది. "పొద్దున గంటసేపన్న మీరు కూసోవాలె సార్. లేకుంటే నేను అన్ని అడిగి రాసుకుంట, ఫోన్ల మీరు విని సరే అన్నంకనే ఇస్త." ఆయన విసుక్కుని, చివరికి ఒప్పుకున్నారు. నిజామాబాద్ నుంచి తన ఇంటికొచ్చిన అర్జూ తలనొప్పంటే ఆమెనూ కూర్చోబెట్టి మొదటినుంచీ అడిగింది. "సొంత చెల్లెను సుత గిట్లనేనా ఆపా?" అని అర్జూ అక్క మీద చిన్నబుచ్చుకుంది. నఫీసా రాసుకుంటూనే ఉంది.

రెండో ఏడు వానాకాలంలో చంద్రిక క్లినిక్‌కు వచ్చింది. మనిషి సగమైంది.

"అమ్మకు మూతి వంకరపోయింది నఫీసత్తా. ఎడమ చెయ్యి లేస్తలేదు. దవాఖానల చూపిచ్చి గోలీలు తెచ్చిన, మింగుతలేదు. బాపు పోయినకాడి నుంచి బీపీ గోలీ ముట్టలేదట. నాకు కనవడకుంట పారేస్తుండె. గోలీ అంటేనే వణుకుతది. ఒక్కసారి వస్తవా?"

నఫీసా బోరబండ వెళ్లింది. మంచం మీద మంగవ్వ ఆమెను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. నఫీసా దగ్గరికి పోలేదు. ఆసుపత్రి వాళ్లిచ్చిన అట్టలన్నీ చంద్రికతో ముందుగదిలోకి తెప్పించి, ఏది దేనికో, ఏ పూటదో, దేంతో కలపకూడదో పెద్దపెద్ద తెలుగు అక్షరాల్లో రాసింది. "ఒక్కొక్కటి పేరు చెప్పి, చదివి వినిపించి ఇయ్యి. ఏదీ దాచకు" అంది.

మంగవ్వ కూతురి చేతి మీదుగా మందు మింగడం మొదలుపెట్టింది. చెయ్యి కొంచెం స్వాధీనంలోకి వచ్చింది, మాట ముద్దగానే ఉండిపోయింది. ప్రతినెలా మొదటి వారంలో చంద్రిక కొత్త అట్టలు పట్టుకుని అమీర్‌పేట బస్టాపు దగ్గరికి వచ్చేది. నఫీసా అక్కడే నిలబడి ఒక్కొక్కటీ తిప్పి చదివేది. మూడేళ్లపాటు ఒక్క నెలా తప్పలేదు.

"అమ్మకు తెలుసు అత్తా, నీకు చూపిస్తున్నట్టు" అంది చంద్రిక ఒకసారి.

"ఏమన్నది?"

"ఏమన్లే."

నఫీసా తలూపి, అట్టలన్నీ కవర్లో సర్ది చంద్రిక చేతికిచ్చింది. బోరబండ బస్సు వచ్చింది. చంద్రిక ఎక్కింది. నఫీసా క్లినిక్ వైపు నడిచింది. అప్పటికే గుమ్మం ముందు నలుగురు నిలబడి ఉన్నారు.