ఎవరూ లేని అడవి దారి

దేవాదిదేవునికి స్తోత్రం. మా ఇంటిని తన రెక్కల నీడలో దాచిన ప్రభువుకే మహిమ. దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. కన్నుమూసినవాళ్లు ప్రభువు చేతిలో ఉంటారని, తిరిగి రారని సండే స్కూల్లో పిల్లలకు నేర్పేదాన్ని నేనే.

మాది కల్లూరు. మా మరిది యోహాను నిరుటి వానల్లో భద్రాచలం అవతల అడవి పల్లెకు సువార్త చెప్పడానికి వెళ్లాడు. వాగులో నాటు పడవ తిరగబడింది. మిగతావాళ్లు ఒడ్డు చేరారు. అతను దొరకలేదు. శవం కనపడలేదని, చనిపోయినవాళ్ల కోసం పెట్టే ఆదరణ కూడికను అత్తమ్మ పెట్టనివ్వలేదు. హాల్లో మంచం మీద కూర్చుని ఎదురుగా ఉన్న ఖాళీ గోడనే చూసేది. అన్నం సరిగా ముట్టేది కాదు.

ఆ గోడకు ఏదైనా ఉంటే ఆమె మనసు కొంత మళ్లుతుందనుకున్నాను. మా సంఘంలో బైబిలు వాక్యం రాసిన పటాలే తప్ప మనిషి రూపమున్న బొమ్మ పెట్టుకోం. అందుకే ఖమ్మంలో ఫ్రేముల షాపుకు వెళ్లి మనుషుల్లేని బొమ్మ అడిగాను.

"మనుషులుంటే ఏమైతది మేడం? అన్నం పెట్టుమని అడుగుతరా?" అని షాపతను నవ్వాడు.

నీళ్లున్న బొమ్మలన్నీ పక్కన పెట్టించాను. చివరికి ఒక అడవి దారి నచ్చింది. ఎప్పటిదో ఆయిల్ పెయింటింగుకు నకలు, కాన్వాసు మీద ప్రింటు. మూలమూలా వెతికి చూశాను. ఎవరూ లేరు. ఫ్రేము కట్టాక అతను పంపిన ఫోటోలోనూ లేరు. అది ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

పటం పెట్టాక జరిగిన మొదటి గృహకూడికలో పాస్టరమ్మగారు పాట మధ్యలో ఆగిపోయారు.

"ఏందమ్మా, మనిషి బొమ్మ పెట్టినవ్?"

దారి మలుపులో, చెట్ల నీడన, వేలెడంత మనిషి. వీపు మావైపు. ఎడమ భుజానికి సంచి. యోహాను బైబిలు సంచి అలాగే వేసుకునేవాడు.

అత్తమ్మ లేచి పటం దగ్గరికి వెళ్లింది. ఆ సంచి మీద వేలు పెట్టి చూసింది.

మర్నాడు పటాన్ని ఖమ్మం తీసుకెళ్లి అద్దం విప్పించాను. మరక కాదు, ప్రింటులోనే ఉంది. షాపతను ఫోటోను, పటాన్ని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"నేను కట్టింది గిదే మేడం. గానీ గీడ ఎవ్వరు లేకుండె."

ఈసారి నవ్వలేదు.

ఏ రూపమూ చేసుకోవద్దన్న దేవుని ఆజ్ఞ తెలిసినదాన్ని. పటాన్ని అటకెక్కిద్దామనే ఇంటికి తెచ్చాను. అత్తమ్మ నా కొంగు పట్టుకుంది.

"దాచకు బిడ్డా. పోతుండు చూడు. బట్టలు తడవలే."

ఆ పూట కడుపునిండా తిన్నది. ఆ వారమే ఆదరణ కూడిక పెట్టమని తనే పాస్టరుగారికి కబురు పంపింది.

పటం గోడకే ఉంది. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుచిక్కదు. కానీ ఈమధ్య దుమ్ము తుడుస్తుంటే ఒకటి కనిపెట్టాను. వీపు ఇటే ఉన్నా, ఆ మనిషి మునుపటికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తున్నాడు. కొలిచి చూసే ధైర్యం నాకు లేదు. అత్తమ్మకు ఇప్పుడు చూపు మందగించింది, ఇంకా గమనించలేదు.

చదువుతున్న ప్రియమైనవారలారా, ఉన్నచోటే ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తన కొడుకు క్షేమంగా వెళ్లిపోయాడని ఆ తల్లి నమ్మింది. ప్రభువా, ఆ నెమ్మదిని ఆమె దగ్గరే ఉండనివ్వు. ఆమేన్.