అక్క కోసం చూసిన స్లైడ్లు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. వరంగల్‌లో ఒక మిషన్ దవాఖాన ల్యాబులో పనిచేసేదాన్ని. మలేరియా, క్షయ స్లైడ్లను మైక్రోస్కోపు కింద చూసి కాగితం రాసివ్వడం నా పని. అక్కడి డాక్టరమ్మే నాకు ఆ పని నేర్పింది.

అక్క కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేది. నాలుగో నెల కడుపుతో ఉండగా, బావి దగ్గర ఒక కుక్క పిక్క పట్టి కరిచింది. బావ ఆ కుక్కను కొట్టి చంపి, పరీక్షకని తల నరికి గోనెసంచిలో చుట్టి, అక్కను వెంటబెట్టుకొని దవాఖానకు వచ్చాడు. డాక్టరమ్మ పల్లెల్లో క్యాంపుకు వెళ్లింది, నాలుగు రోజులకు గాని రాదు. కాంపౌండరు గాయం కడిగి, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయాలని, మందు హైదరాబాదు నుంచి తెప్పిస్తానని చెప్పాడు. అక్క రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. అప్పటికే రెండుసార్లు కడుపు పోయింది అక్కకు.

"సూదులు పొడిస్తే బిడ్డ దక్కదే. ముందుగాల నువ్వు జూడు చెల్లె. రోగముంటేనే ఏసుకుంట," అంది.

కాంపౌండరు తీసిచ్చిన కుక్క మెదడు ముక్కను స్లైడుకు అద్ది, రంగు వేసి చూశాను. పిచ్చికుక్కయితే నరాల కణాల్లో గుండ్రటి ఎర్ర చుక్కలుంటాయి. డాక్టరమ్మ వాటిని ఒకసారి నాకు చూపించింది. పొద్దుగూకేదాకా ఆరు స్లైడ్లు చూశాను. ఒక్క చుక్కా లేదు. ఆ మాట చెబితే అక్క నా భుజం మీద తల పెట్టి, సంతోషంతో ఏడ్చింది.

డాక్టరమ్మ వచ్చి స్లైడ్లు తానూ చూసింది. ఆమెకూ ఏమీ కనబడలేదు. అయినా కొన్ని కుక్కల్లో చుక్కలు ఏర్పడవని, రోగం తెచ్చే వైరస్ మన మైక్రోస్కోపుకు అందనంత చిన్నదని, సూదులు వేయాల్సిందేనని అంది. ఆ సాయంత్రమే కాజీపేట పోయి అక్కను బతిమాలాను.

"నువ్వే జూసినవు గదనే," అంది.

నేను గట్టిగా పట్టుబట్టలేదు. నా కళ్ల మీద నాకూ నమ్మకముండేది.

నెలన్నరకు అక్క కరిచిన కాలు తిమ్మిరెక్కింది. మరునాడు నీళ్ల గ్లాసు చూడగానే గొంతు బిగుసుకుపోయింది. దవాఖానలో ఒక గదిలో వేరుగా పెట్టారు. తెలివిలో ఉన్న కాసేపట్లో నన్ను దగ్గరికి పిలిచింది.

"లోపటి బిడ్డకు గూడ అంటుతదా?"

"అంటదక్కా," అన్నాను. నాకు తెలియదు.

మూడో రోజు అక్క పోయింది. బావ బదిలీ పెట్టించుకొని వెళ్లిపోయాడు, మళ్లీ మా గడప తొక్కలేదు.

రెండేళ్లకు కాబోలు, డాక్టరమ్మ ఒక విదేశీ వైద్యపత్రిక తెచ్చి చూపించింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపనే కొత్త యంత్రంతో తీసిన ఫొటో అందులో ఉంది. మశూచి టీకాలోని వైరస్, చిన్న చిన్న ఇటుకల్లా, అంచులతో సహా కనబడుతోంది. పిచ్చికుక్క రోగం బొమ్మ ఏ పేజీలో ఉందని అడిగాను. అది ఇంకా ఎవరికీ చిక్కలేదంది. పత్రిక మూసి నా పక్కన కూర్చుంది. అక్క పోయాక నేను ఒకరి ముందు ఏడ్చింది ఆ రోజే.