బండల మధ్య అవ్వ సందు

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా ఇంటి నిండా నల్ల కడప బండలే. బండకూ బండకూ మధ్య సున్నం రాలిపోయి, వేలు పట్టేంత సందులు ఉండేవి.

మా అవ్వకు చూపు పూర్తిగా పోయింది. అయినా మంచం దిగి, ఎవరి చేయీ పట్టకుండా నేరుగా నీళ్ల కడవ దగ్గరికి పోయేది. ఎలా పోతుందో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆరాటం! దొంగపిల్లిలా వెనకే నడిచేదాన్ని. ఒకసారి కడవను పక్కకు జరిపి కూడా చూశాను... తిట్లు తిన్నాను గానీ గుట్టు తెలియలేదు.

ఒక వానాకాలం సందులోంచి తేలు వచ్చి అమ్మను కుట్టింది. నాయన వెంటనే బండల పని చేసే మస్తాన్ తాతను పిలిపించాడు. తాత సందులన్నీ గీకి, సున్నం ఇసుకలో బెల్లం నీళ్లు, కరక్కాయలు నానిన నీళ్లు పోసి కలిపాడు. బెల్లం నీళ్లే కదా అని వేలు ముంచి నాకాను... ఛీ! అది కరక్కాయ గిన్నె. సాయంత్రం దాకా నోరంతా వగరే.

సందులు సమంగా పూడ్చి, ఆరాక కొబ్బరి పీచుతో రుద్ది, చెనిక్కాయనూనె పట్టించాడు. "కూరలోకి లేని నూనె బండలకా!" అని అమ్మ గొణిగింది. ఇల్లు మాత్రం నిగనిగలాడిపోయింది.

మరునాడు అవ్వ మంచం దిగింది. నాలుగడుగులేసి ఆగి, పాదంతో అటూ ఇటూ తడిమింది. తర్వాత కడవ వైపు కాకుండా, నాయన కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంత వైపు తిరిగింది! నాయన ఒక్క ఉదుటున వచ్చి పట్టుకున్నాడు.

"యాడికి పోతాండావమ్మా?"

"నా దారి యాడుండాదిరా? పూడ్చేసినారు కదరా!"

అప్పుడు తెలిసింది నాకు... ఇన్నాళ్లూ అవ్వ సందులో బొటనవేలు ఆనించి నడిచేదని! ఆ రోజు నుంచి ఆమె మంచం దిగలేదు. ఒకరిని అడగడం ఇష్టం లేక నీళ్లు తాగడమే తగ్గించింది. నాకు ఏడుపొచ్చేది.

పనిముట్ల కోసం వచ్చిన తాత సంగతి విని తల పట్టుకున్నాడు.

"ఒక్క మాట చెప్పకూడదా అవ్వా?"

"నువ్వు అడిగితివా అప్పా?"

"ఆ ఒక్క వరుసా మళ్లీ తవ్వుతాలే."

"మళ్లా తేలొస్తే?" అంది అమ్మ గాభరాగా.

తాత నాయన దగ్గర మగ్గం తాడు అడిగాడు. మంచం నుంచి కడవ దాకా ఆ వరుసను గీకి, కొత్త సున్నం మెత్తి, పచ్చిగా ఉండగానే తాడు అదిమాడు. కాస్త బిగిశాక లాగేశాడు. సన్నటి గాడి మిగిలింది.

"తేలుకు చాలదు, వేలికి చాలు," అన్నాడు నవ్వుతూ.

అది ఆరాక అవ్వ బొటనవేలు ఆనించింది. "ఆఁ... ఈడే ఉండాది!" అంటూ నడిచిపోయి, రెండు చెంబుల నీళ్లు గటగటా తాగింది. అప్పటి నుంచి నేనూ ఆమె వెనకే గాడిలో బొటనవేలు ఆనించి నడిచేదాన్ని.

మొన్న ధర్మవరం పోయి ఆ ఇల్లు చూశాను. కొన్నవాళ్లు తెల్లటి టైల్స్ వేయించుకున్నారు, బాగున్నాయి కూడా. చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టానో లేదో... నా బొటనవేలు దానంతట అదే ఆ గాడి కోసం వెతికింది. అంతా నున్నగా ఉంది. నేను అక్కడే నిలబడిపోయాను.

మీ కాళ్లకు ఇంకా ఏ ఇంటి నేల గుర్తుంది?...